సరిహద్దు సీమలు – 6: ముగ్గురు కలెక్టర్ల పొలిమేరలో దొనకొండ

1799లో దొనకొండ నుంచి తూర్పుగా నడిచి వినుకొండ చేరితే అది ఈస్టిండియా కంపెనీ రాజ్యం. పడమటికి నడిచి మార్కాపురం చేరితే నిజాం రాజ్యం. ఊళ్ళోనే ఉండిపోతే ఆర్కాటు నవాబు ఏలుబడి, ఆ నవాబుకు పేష్కషు (కప్పం) కట్టే వెంకటగిరి రాజా జమీను. పొద్దున బండి కట్టిన రైతు మర్నాటికల్లా మరో రాజ్యంలో ఉండేవాడు. ఇంత చిన్న జాగాలో ఇన్ని ఏలుబడుల అంచులు కలిసిన చోట్లు తెలుగునేల మీద తక్కువ. పశ్చిమ ప్రకాశం కథంతా ఈ అంచుల దగ్గరే మొదలవుతుంది.

ఆ మూడు ముక్కలూ పదమూడేళ్ళ లోపే కంపెనీ చేతికొచ్చాయి. గుంటూరు సర్కారు 1788లో వచ్చింది. నిజాం 1800 నాటి ఒప్పందంతో బళ్ళారి, కడప ప్రాంతాలతో పాటు కంభం, దూపాడు సీమల్ని కూడా కంపెనీకి ధారపోశాడు. సీడెడ్ జిల్లాలన్నది, మనవాళ్ళు దత్తమండలాలన్నది వీటినే. మరుసటేడు 1801లో ఆర్కాటు నవాబు రాజ్యం పోయి నెల్లూరు కూడా కంపెనీదైంది. ముగ్గురు దొరలు పోయి ఒక్క దొర మిగిలాడు. మరి గీతలు కూడా పోవాలి కదా? పోలేదు. ఏ ఒప్పందంతో వచ్చిన భూమిని ఆ ఒప్పందం కింద వేరే కట్టగానే ఉంచారు. రాజ్యాల సరిహద్దులు కలెక్టరేట్ల సరిహద్దులయ్యాయి. పొలిమేర రాయి అక్కడే ఉంది, దాని మీద పేరు మాత్రం మారింది.

ఆ రాయికి ఇటూ అటూ శిస్తు పద్ధతి కూడా వేరైంది. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా ఉండి, పొలం పొలం కొలిపించి, సర్కారు నేరుగా రైతుతోనే లెక్క చూసుకునే రైత్వారీకి పునాది వేశాడు. కంభం, మార్కాపురం రైతులకు ఆ దారి పడింది. నెల్లూరు వైపు దర్శి, పొదిలి ప్రాంతాల్లో మాత్రం వెంకటగిరి జమీను నిలిచింది. 1802లో కంపెనీ ఆ రాజాకు శాశ్వత సన్నదు రాసిచ్చింది. ఒకే వాన మీద, ఒకే రకం నేలలో జొన్న, కొర్ర, ఆముదం పండించిన ఇరుగుపొరుగు రైతుల్లో ఒకడి రసీదు సర్కారుది, ఇంకొకడిది జమీందారుది. జమీను గ్రామాల రైతు 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా అలాగే గడిపాడు. నూట నలభై ఏళ్ళకు పైగా సాగిన ఈ తేడాకు నేల కారణం కాదు, నీరు కారణం కాదు. 1799 నాటి గీతే కారణం.

ఇక భూమి సంగతి చూద్దాం. ఈ సీమకు పడమటి గోడ నల్లమల. దాని తూర్పు పాదాల దగ్గర గిద్దలూరు, కంభం, మార్కాపురం, ఎర్రగొండపాలెం. దక్షిణంగా వెలికొండలు నెల్లూరు, కడప సీమల మధ్య సాగిపోతాయి. తూర్పున నేల మెల్లగా వాలుతూ దొనకొండ, దర్శి మీదుగా అద్దంకి వైపు దిగిపోతుంది. ఈ వాలు మొత్తాన్నీ కుట్టిన దారం గుండ్లకమ్మ. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, కొండలు దాటి, కంభం చెరువు నింపి, మార్కాపురం సీమ తడిపి, దొనకొండ మండలపు అంచున పారి, అద్దంకి మీదుగా ఒంగోలు సమీపాన సముద్రంలో కలుస్తుంది. నదిని పట్టుకుని జిల్లా గీయమంటే పసివాడు కూడా గీస్తాడు: కొండ నుంచి కడలి దాకా ఒకే లోయ, ఒకే జిల్లా. కానీ 1970 దాకా ఈ ఒక్క నది ఎన్నో జిల్లాల పటాల మీద ముక్కలుగా కనిపించింది.

కంభం చెరువును ఒకసారి ఆగి చూడాలి. రెండు కొండల మధ్య ఇరుకు సందు. ఆ సందుకు అడ్డంగా 57 అడుగుల ఎత్తు కట్ట. అంతే, దాని వెనక నీళ్ళు మైళ్ళ తరబడి పరుచుకుంటాయి. విజయనగర రాజుల కాలపు పని. కృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని స్థానికుల నమ్మకం. కట్ట నిడివి చూసి కాదు, చోటు ఎంపిక చూసి ఆశ్చర్యపోవాలి. తక్కువ మట్టితో ఎక్కువ నీరు నిలిచే సందును చూసి పట్టుకున్నారు. పది వేల ఎకరాలకు పైగా తడిపే ఈ చెరువును అంతర్జాతీయ నీటిపారుదల సంఘం 2020లో వారసత్వ కట్టడంగా గుర్తించింది. అయిదు వందల ఏళ్ళ కింద ఈ లోయను లోయగా చూసినవాళ్ళున్నారు. తర్వాత వచ్చిన కంపెనీ రికార్డుల్లో అది శిస్తు పద్దు మాత్రమే అయింది.

1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను దించి కంపెనీ ఆ రాజ్యాన్ని కలుపుకుంది. 1858లో కర్నూలును పూర్తి జిల్లాగా నిలబెట్టడానికి చుట్టుపక్కల తాలూకాలు కావలసి వచ్చాయి. బళ్ళారి నుంచి పత్తికొండ, కడప నుంచి కోయిలకుంట్లతో పాటు కంభం, మార్కాపురం కూడా తెచ్చి కలిపారు. ఇది నా దృష్టిలో ఈ సీమకు జరిగిన పెద్ద అన్యాయం. కంభానికీ కర్నూలుకూ మధ్య నల్లమల నిలువునా అడ్డం. ఆ అడవిని దాటడానికి పేరున్న దారులు రెండు: నంద్యాల వైపు నందికనుమ, ఆత్మకూరు వైపు మంత్రాలమ్మ కనుమ. పట్టా మార్చుకోవాలన్నా, కలెక్టరు ముందు అర్జీ పెట్టుకోవాలన్నా అడవి దాటాలి. పులులున్న అడవి, వానాకాలంలో వాగులు పొంగే అడవి. జిల్లా కచేరీ కొండకు అటు, జనం కొండకు ఇటు. ఆ జిల్లా గురించి 1886లో మాన్యువల్ రాసిన నరహరి గోపాలకృష్ణమ చెట్టి డిప్యూటీ కలెక్టరు. ఆ పుస్తకం తిరగేస్తుంటే నల్లమల ఇవతలి తాలూకాలు జిల్లాలో ఒక భాగంలా కాక, జిల్లాకు అతికించిన ముక్కలా కనిపిస్తాయి నాకు.

దొనకొండ తిప్పలు వేరే రకం. కలెక్టరు నెల్లూరులో. 1904 దాకా ఒంగోలు తాలూకా నెల్లూరులోనే ఉంది కనుక దారి పొడుగునా సొంత జిల్లాయే. ఆ ఏడు గుంటూరు జిల్లా ఏర్పడి ఒంగోలు అందులోకి పోయింది. అప్పటి నుంచి ఒంగోలు బాట పట్టి నెల్లూరు కచేరీకి పోయేవాడు పక్క జిల్లా దాటి తన జిల్లా చేరాలి. రైల్లో పోదామంటే మరీ చోద్యం: గుంటూరు మీదుగా బెజవాడ చేరి, అక్కడ బండి మారి, మళ్ళీ ఒంగోలు మీదుగా దక్షిణానికి. మూడు జిల్లాలు చుట్టి రావాలన్నమాట.

రైలు ఇక్కడికి ఎందుకు వచ్చిందో కూడా చెప్పుకోవాలి. 1876–78 ధాత కరువు బళ్ళారి, కర్నూలు సీమల్ని ఊడ్చేసింది. కృష్ణా డెల్టాలో గింజలున్నా ఇక్కడికి చేర్చే దారి లేక జనం చచ్చిపోయారు. ఆ చావుల తర్వాతే కరువు రక్షణ పేరిట బళ్ళారి–కృష్ణా లైను తలపెట్టారు. గుంతకల్లు నుంచి నంద్యాల, నల్లమల కనుమలు, గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు, దొనకొండ, వినుకొండ మీదుగా గుంటూరుకు, కృష్ణ ఒడ్డుకు మీటరు గేజి పట్టాలు పరిచారు. సదరన్ మరాఠా రైల్వే దాన్ని నడిపింది. 19వ శతాబ్దం చివర కంభంలో బండెక్కిన మనిషి కర్నూలు జిల్లాలో ఎక్కి, దొనకొండ, కురిచేడు దగ్గర నెల్లూరు జిల్లా దాటి, వినుకొండలో కృష్ణా జిల్లాలో దిగేవాడు. అవును, అప్పటికి వినుకొండ కృష్ణా జిల్లాలోదే. ఒక్క పూట ప్రయాణంలో ముగ్గురు కలెక్టర్ల హద్దులు.

దొనకొండను ఊరిగా కాక పట్నంగా నిలబెట్టింది ఈ లైనే. ఆవిరి ఇంజను ఎంత దూరమని పరుగెడుతుంది? నీళ్ళు తాగాలి, బొగ్గు నింపుకోవాలి, బూడిద దులుపుకోవాలి. గుంటూరుకూ నంద్యాలకూ నడుమ ఆ పనికి కుదిరిన మజిలీ దొనకొండ. ఇక్కడ లోకో షెడ్డు వెలిసింది. తెల్లవారుజామున బయల్దేరే ఇంజనుకు రాత్రే నిప్పు వెయ్యాలి. బాయిలరు కాగి ఆవిరి పట్టేదాకా గంటలు పడుతుంది. ఆ గంటలన్నీ ఫైర్‌మన్లు, క్లీనర్లు మేలుకొనే ఉండాలి. గుంతల్లోకి దిగి బూడిద గీకేవాళ్ళు, నూనె గుడ్డతో కడ్డీలు తుడిచేవాళ్ళు, డ్రైవర్లు, గార్డులు, పాయింట్స్‌మన్లు, గ్యాంగ్‌మన్లు, వాళ్ళందరికీ వరసలు వరసలుగా క్వార్టర్లు. వాన మీద ఆధారపడిన మెట్టసీమలో నెల నెలా జీతం వచ్చే ఊరు అదొక్కటి. ఆ జీతాల మీద అంగళ్ళు, సంత, హోటళ్ళు బతికాయి. తమాషా ఏమిటంటే, రైల్వే మనుషులకు నెల్లూరుతో పని లేదు. వాళ్ళ ఆజ్ఞలు మొదట ధార్వాడ నుంచి, 1908లో సదరన్ మరాఠా ఇంకో రైల్వే కంపెనీతో కలిశాక మద్రాసు నుంచి వచ్చేవి. ఊరి కరణం చూపు ఒక దిక్కు, స్టేషను మాస్టరు చూపు ఇంకో దిక్కు.

1990ల్లో బ్రాడ్ గేజి వచ్చింది. డీజిలు ఇంజను దొనకొండలో ఆగాల్సిన అవసరం లేదు. షెడ్డు మూతపడింది, కుటుంబాలు బదిలీ మీద తరలిపోయాయి, క్వార్టర్లు ఖాళీ అయ్యాయి. 2003లో గుంటూరు రైల్వే డివిజను ఏర్పడితే లైను దాని కిందికి వెళ్ళింది గానీ పోయిన కొలువులు తిరిగి రాలేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కట్టిన విమానాల దిగుడు మైదానం కూడా ఊరి బయట అలాగే పడి ఉంది. రాష్ట్రం విడిపోయిన 2014లో రాజధాని ఎక్కడన్న చర్చ నడిచినప్పుడు దొనకొండ పేరు గట్టిగా వినిపించింది. సర్కారు భూమి విస్తారంగా ఉంది, రైలుంది, రన్‌వే జాగా ఉంది అన్నారు. ఆ పేరు కొన్ని నెలలు పత్రికల్లో తిరిగి ఆగిపోయింది.

రైలుకు రెండు వేల ఏళ్ళ ముందే ఈ దారిన జనం నడిచారని చెప్పే సాక్షి దొనకొండ మండలంలోనే ఉంది. గుండ్లకమ్మ ఒడ్డున చందవరం గుట్ట మీద బౌద్ధ స్తూపం. 1964లో పురావస్తు శాస్త్రవేత్త వి.వి. కృష్ణశాస్త్రి దీన్ని గుర్తించారు, 1970ల్లో తవ్వకాలు జరిగాయి. గుట్ట మీద మహాస్తూపం, చుట్టూ చిన్న స్తూపాలు, విహారాల ఆనవాళ్ళు. సాతవాహనుల కాలంలో కృష్ణా లోయ నుంచి దక్షిణాదికి నడిచే భిక్షువులకు ఇది మజిలీ. ఇక్కడి సున్నపురాతి శిల్పాలు దొంగల పాలయ్యాయి. బుద్ధుణ్ణి కొలిచే భక్తుల ఫలకం ఒకటి ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల దాకా వెళ్ళింది. అది దొంగసొత్తని తేలాక ఆ దేశం 2016లో మనకు తిరిగి ఇచ్చింది. ఒక మారుమూల మండలపు రాయి కోసం రెండు ప్రభుత్వాలు మాట్లాడుకున్నాయంటే, ఆ మారుమూలతనం పాతది కాదని, జిల్లా పటాలు తెచ్చిపెట్టినదని ఒప్పుకోవాలి. సాతవాహనుల నాడు చందవరం దారి నడుమ ఉంది. త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు వాకిలిగా వెలిగిన రోజుల్లో ఈ సీమంతా యాత్రికుల బాటే. కంపెనీ కాలంలోనే ఇది అంచు అయింది.

జిల్లా ఎలా గీయాలన్న ప్రశ్న మన ఒక్కరిదే కాదు. ఫ్రాన్సులో విప్లవం వచ్చిన మరుసటేడు, 1790లో, పాత రాజుల సీమలన్నీ చెరిపేసి దేశాన్ని 83 జిల్లాలుగా కొత్తగా గీశారు. రెండు నియమాలు పెట్టుకున్నారు. పేర్లు ఎక్కువగా నదులవీ కొండలవీ కావాలి. ఏ మూల రైతైనా గుర్రం మీద ఒక్క రోజులో జిల్లా కేంద్రం చేరగలగాలి. ఈ రెండో నియమాన్ని 1858లో కంభానికి వర్తింపజేసి ఉంటే కర్నూలు దానికి కేంద్రం అయ్యేదే కాదు.

ఆ దేశపు తూర్పు సరిహద్దున బెల్ఫోర్ అనే చిన్న జిల్లా ఉంది. 1870–71 యుద్ధంలో జర్మన్లు అల్సాసు సీమను లాక్కున్నారు. బెల్ఫోర్ కోట మాత్రం కర్నల్ డాన్‌ఫేర్ రోష్రో నాయకత్వంలో 103 రోజుల ముట్టడిని తట్టుకుంది. అందుకే సంధిలో ఆ పట్నం, దాని చుట్టుపక్కల ఊళ్ళు ఫ్రాన్సుకే మిగిలాయి. తల్లి జిల్లా పరాయిదైపోయింది, ఈ ముక్క ఒంటరిగా మిగిలింది. పక్క జిల్లాలో కలిపేస్తే పని తీరిపోయేది. అలా చెయ్యలేదు. దానికి సొంత కచేరీ, సొంత అధికారి పెట్టి యాభై ఏళ్ళు తాత్కాలికంగా నడిపారు. అల్సాసు తిరిగొచ్చాక కూడా విడిగానే ఉంచి 1922లో పూర్తి జిల్లా హోదా ఇచ్చారు. సరిహద్దు మీద తెగిపడిన ముక్కకు దాని పాలన దాని దగ్గరే ఉండాలన్న పట్టుదల అది. మన పడమటి తాలూకాలకు ఆ పట్టుదల చూపినవాళ్ళు చాలాకాలం లేరు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు మార్కాపురం, గిద్దలూరు వాళ్ళకు జిల్లా కేంద్రమే రాజధాని కూడా అయింది. మూడేళ్ళ ముచ్చట. నల్లమల మాత్రం అక్కడే ఉంది.

చివరికి కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పుట్టింది. గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల ప్రాంతాలు, నెల్లూరు నుంచి దర్శి, పొదిలి, కనిగిరి, కందుకూరు, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వచ్చి కలిశాయి. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. మన లెక్కలో ఇదొక మేలిమలుపు. గుండ్లకమ్మ పుట్టిన చోటు నుంచి కలిసే చోటు దాకా దాదాపు మొత్తం ఒకే జిల్లాలోకి రావడం కంపెనీ వచ్చాక అదే మొదలు. 1800లో వచ్చిన సీమకూ 1801లో వచ్చిన సీమకూ నడుమ ఉన్న గీత ఒక్క దెబ్బతో చెరిగిపోయింది.

అయితే కచేరీ సముద్రం ఒడ్డున పడింది. గిద్దలూరు నుంచి ఒంగోలుకు నేరుగా రైలు ఈ రోజుకీ లేదు. పాత మీటరు గేజి దారి గుంటూరుకు పోతుంది, తీరం లైను ఒంగోలు మీదుగా పోతుంది, రెండింటినీ కలిపే పట్టా జిల్లాలో లేదు. నడికుడి–శ్రీకాళహస్తి లైను దర్శి, పొదిలి, కనిగిరి మీదుగా గీశారు, పని ఇంకా నడుస్తోంది. నీళ్ళదీ అదే వరస. శ్రీశైలం జలాశయం నల్లమలకు అటువైపే ఉన్నా ఇటువైపు తాగునీటిలో ఫ్లోరైడు. కమ్యూనిస్టు నేత పూల సుబ్బయ్య పేరు పెట్టుకున్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. కొండ కింద పద్దెనిమిది కిలోమీటర్లకు పైగా పొడవున్న జంట సొరంగాలు తొలిచి కృష్ణ నీళ్ళు ఇటు తేవాలి, నాలుగు లక్షల ఎకరాలకు పైగా తడపాలి. రెండు సొరంగాల తవ్వకం పూర్తవడానికి 2024 దాకా పట్టింది. మార్కాపురం పలకల గనుల్లో నల్లరాయిని రేకు రేకుగా చీల్చి దేశంలోని ఎందరో బడిపిల్లల చేతికి పలకలు ఇచ్చిన సీమ మంచినీళ్ళ కోసం తరాల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలో జిల్లాలు 26 అయ్యాయి. ప్రకాశం నుంచి చీరాల, అద్దంకి, పర్చూరు బాపట్లకు, కందుకూరు నెల్లూరుకు వెళ్ళాయి. మార్కాపురం జిల్లా కావాలన్న కోరిక అప్పుడు తీరలేదు. ఉద్యమాలు, దీక్షలు, బందులు గడిచాక 2025 చివర్లో అది జిల్లా అయింది. ఎర్రగొండపాలెం, మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి నియోజకవర్గాలు అందులోకి వెళ్ళాయి. నల్లమల పాదాల ఊళ్ళకు మొదటిసారి పాదాల దగ్గరే కలెక్టరు వచ్చాడు. దర్శి నియోజకవర్గంలోని దొనకొండ మాత్రం ప్రకాశంలోనే ఉండిపోయింది. అంటే గజ్జలకొండ, మార్కాపురం రోడ్డు స్టేషన్ల వైపు ఒక జిల్లా, దొనకొండ, కురిచేడు స్టేషన్ల వైపు ఇంకో జిల్లా. రమారమి 1801 నాటి గీతే మళ్ళీ తేలింది. నియోజకవర్గాల హద్దుల్ని బట్టి జిల్లాలు గీస్తే జరిగేది ఇదే. నదినీ రైలునూ చూసి గీసి ఉంటే దొనకొండ పడమటికే వెళ్ళేది. మార్కాపురం జిల్లా రావడాన్ని మనసారా మెచ్చుకుంటూనే ఈ మాట అంటున్నాను.

ఈ భాగం ముగించే ముందు ఆ ప్రాంతపు పాఠకులకు ఒక విన్నపం. మీ ఇళ్ళలో పెట్టెల అడుగున తాతల నాటి దస్తావేజులుంటాయి. పై వరసలో ఏ జిల్లా, ఏ తాలూకా, ఏ జమీను అని రాసి ఉందో చూడండి. 1904కు ముందు, 1970కి ముందు రాసిన కాగితాల్లో అదే పొలం వేర్వేరు జిల్లాల పేర్లతో కనిపిస్తుంది. జమీందారీ రసీదులుంటే మరీ విలువైనవి. వాటిని చెదలకు వదలొద్దు. ఫోటో తీసి దగ్గరి గ్రంథాలయంలోనో, చరిత్ర చెప్పే మాస్టారి దగ్గరో ఒక నకలు ఉంచండి. రైల్వేలో పనిచేసిన పెద్దలు ఇంకా ఉంటే దొనకొండ షెడ్డు సంగతులు అడిగి రాసిపెట్టండి. వచ్చే భాగంలో దూపాడు సీమకు, త్రిపురాంతకం శాసనాలకు వెళ్దాం.